పెన్న పేరు ఎక్కడిది?



విజయవాడ నుంచి చెన్నైకి పొద్దున్నే బయల్దేరే రైలు ఒకటుంది, పినాకిని ఎక్స్‌ప్రెస్. నెల్లూరు స్టేషను ఇంకా రాకముందే అది పెద్ద వంతెన ఎక్కుతుంది. కిటికీ పక్కన కూర్చున్న పెద్దవాళ్ళు పిల్లల్ని లేపి మరీ చూపిస్తారు, "అదిగో పెన్న" అని. ఎక్కిన రైలు పేరు పినాకిని, దాటుతున్న ఏరు పేరు పెన్న. రెండూ ఒకే నది పేర్లే. ఎవరికీ వింతగా తోచదు.

ఈ రెండు పేర్లు ఎవరెవరి నోట ఎప్పుడెప్పుడు పలుకుతాయో గమనించండి. నెల్లూరు దగ్గర పల్లిపాడులో 1921 ఏప్రిల్ 7న గాంధీగారు ప్రారంభించిన ఆశ్రమం పినాకినీ సత్యాగ్రహాశ్రమం. స్నానం చేసేటప్పుడు పురోహితుడి సంకల్పంలో పినాకిని. కర్ణాటక వైపు వెళ్తే ఉత్తర పినాకిని. కానీ వరదొస్తే "పినాకిని పొంగింది" అని కేక పెట్టేవాడు ఒక్కడూ ఉండడు. పొంగేది పెన్న, ఎండేది పెన్న, ఇసుక తోలుకొచ్చేది పెన్నేటి నుంచి. అనంతపురం జిల్లాలో పుట్టిన విద్వాన్ విశ్వం రాయలసీమ బతుకు మీద కావ్యం రాస్తే దానికి పెట్టుకున్న పేరు 'పెన్నేటి పాట'. ఆయన సంస్కృతం బాగా చదువుకున్న మనిషి. అయినా ఆయనకు నచ్చిన పేరు ఇది.

మరి ఈ రెండింటిలో ఏది ముందు? ఏది ఎందులోంచి వచ్చింది? ఈ పూట మాట్లాడుకోవలసింది అదే. అయితే ఏటిని చూడకుండా పేరు గురించి చెప్పుకోవడం ఎందుకు? ముందు ఒడ్డు వెంట కాస్త నడుద్దాం.

బెంగళూరుకు ఉత్తరాన చిక్కబళ్ళాపురం దగ్గర నందికొండలు ఉన్నాయి. సముద్రమట్టానికి 1,478 మీటర్ల ఎత్తు. ఆ కొండల వరుసలోనే చెన్నకేశవ కొండ దగ్గర పెన్న పుట్టుక. అదే చుట్టుపక్కల నుంచి చిత్రావతి, పాపఘ్ని కూడా బయల్దేరతాయి. దక్షిణ పినాకిని అనే ఇంకో నది కూడా అక్కడిదే. అది దక్షిణానికి తిరిగి హొసకోట, కృష్ణగిరి, తిరుక్కోవిలూరు మీదుగా కడలూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఈ దక్షిణపు తోబుట్టువును గుర్తుపెట్టుకోండి, తరవాత దాంతో పని ఉంది.

మన పెన్న మాత్రం ఉత్తరానికి పోతుంది. గౌరిబిదనూరు దాటి హిందూపురం దగ్గర ఆంధ్రదేశంలో అడుగుపెడుతుంది. మధ్యలో పావగడ తాలూకా నాగలమడికె వైపు ఒకసారి కర్ణాటకలోకి తొంగిచూసి మళ్ళీ ఇటు వస్తుంది. పేరూరు, పెన్నహోబిలం, పామిడి. ఇంతదాకా ఉత్తరంగా వచ్చిన నది అక్కడ తూర్పుకు తిరుగుతుంది. తాడిపత్రి, గండికోట, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పుష్పగిరి, చెన్నూరు, సిద్ధవటం, సోమశిల, సంగం, నెల్లూరు, ఆపైన ఊటుకూరు దగ్గర బంగాళాఖాతం. మొత్తం 597 కిలోమీటర్లు. అందులో కర్ణాటక వాటా 61 మాత్రమే, మిగతా అంతా మనదే. ఈ నదికి నీళ్ళిచ్చే నేల 55,213 చదరపు కిలోమీటర్లు.

అంత నేల ఉండీ ఈ ఏట్లో నీళ్ళెందుకుండవని అడుగుతారు. నైరుతి రుతుపవనం పడమటి కనుమల మీదే సగం కురిసేసి, ఇటు వచ్చేసరికి చేతులు దులుపుకుంటుంది. అనంతపురంలో ఏడాది మొత్తానికి కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు. కృష్ణకు, గోదావరికి పడమటి కనుమలు పుట్టిల్లు. పెన్నకు ఆ అదృష్టం లేదు, కనుమలకు ఇవతలి పక్క పుట్టింది. అందుకని దీని మొదటి సగానికి జూన్, జులై వానలు అంతంతమాత్రం. రెండో సగానికి అక్టోబరు, నవంబరులో బంగాళాఖాతం నుంచి వచ్చే వాయుగుండాలే దిక్కు. వస్తే ఒక్కసారిగా వస్తుంది, రాకపోతే ఆ ఏడాదికి ఇసుకే.

ఇసుక అంటే ఎండిపోయిన నది అని పట్నంవాళ్ళు అనుకుంటారు. ఒడ్డున ఉన్న ఊళ్ళవాళ్ళు అలా అనుకోరు. ఎండాకాలం తాడిపత్రి దిగువన ఏట్లోకి దిగితే అరికాలు పెట్టలేనంత కాక. అక్కడే పల్లం చూసి, మూరెడు లోతు చేత్తో ఇసుక తోడితే దాని రంగు మారుతుంది, వేళ్ళకు తడి తగులుతుంది. ఇంకో జానెడు తోడితే గుంట అడుగున మబ్బుగా నీళ్ళు ఊరతాయి. ఆ మొదటి నీళ్ళు తాగరు. కొబ్బరిచిప్పతో రెండు మూడుసార్లు తోడి అవతల పారబోస్తారు. అంచులు కూలకుండా అరచేత్తో ఇసుక అదుముతారు. కాసేపు ఊరుకుంటే అప్పుడు ఊరేవి తేటనీళ్ళు. ఆ గుంటనే చెలమ అంటాం. వడకట్టే పని ఇసుక చేసిపెడుతుంది. ఈ అడుగునీటినే కాలువ తవ్వి పొలాల దాకా మళ్ళించుకుంటే అది ఊటకాలువ. నది ఇసుక కింద పారుతోందని తెలిసినవాళ్ళ వ్యవసాయం అది. సిద్ధవటం దగ్గర ఏటి ఇసుకలో పండే ఖర్బూజాలకు పేరు రావడం వెనకా ఈ తడే ఉంది. లారీలకు లారీలు ఇసుక ఎత్తుకుపోతే ముందు పోయేది ఈ తడి. ఇసుక పరుపు పలచబడినచోట చెలమ తీసినా చేతికి బండే తగులుతుంది.

ఇక గండికోట గురించి నాలుగు మాటలు ఎక్కువే చెప్పాలి. పెన్నకు దారిలో మూడు కొండల అడ్డు. మొదటిది ఎర్రమల, అక్కడ గండికోట. రెండోది నల్లమల, పాలకొండల బారు, అక్కడ పుష్పగిరి, సిద్ధవటం. మూడోది వెలికొండ, అక్కడ సోమశిల. మూడుచోట్లా ఏరు కొండ చుట్టూ తిరిగిపోలేదు. కోసుకుని వెళ్ళింది. అలా కోసిన సందునే మనవాళ్ళు గండి అన్నారు. గండి పక్కన కోట కడితే గండికోట. పాపఘ్ని వేంపల్లె దగ్గర కొండను కోసినచోట వెలసిన ఆంజనేయుడు గండి అంజన్న.

గండికోట అంచున నిలబడి కిందికి చూస్తే సుమారు 300 అడుగుల లోతున నీళ్ళు కనబడతాయి. అంచుకు పోయేటప్పుడు కొంచెం జాగ్రత్త. ఎదుటి గట్టు ఎర్రటి రాతి పలకలు ఒకదాని మీదొకటి ఎత్తి పేర్చినట్టు నిటారుగా నిలబడి ఉంటుంది. అది క్వార్ట్‌జైట్, మహా గట్టిరాయి. ఇసుకే ఒకప్పుడు గట్టిపడి ఇలా మారింది. ఈ రాయి అరిగిపోదు, నిలువునా పగులుతుంది. అడుగున ఏరు కోస్తూ ఉంటే పైన పలకలు పగులు వెంట విరిగి పడతాయి. అందుకే గట్లు ఏటవాలుగా లేవు, గోడల్లా ఉన్నాయి. ఈ రాళ్ళ వయసు 150 కోట్ల ఏళ్ళకు పైమాటే. కోటకు పేరు ఏటి గండి ఇస్తే, ఈ రాతికి పేరు కోట ఇచ్చింది. భూగర్భశాస్త్రవేత్తల పుస్తకాల్లో దీని పేరు గండికోట క్వార్ట్‌జైట్. ఆ పుస్తకాల్లోనే పాపఘ్ని గ్రూపు, చిత్రావతి గ్రూపు అని ఇంకా రాతి వర్గాలు ఉన్నాయి. నిన్నగాక మొన్న మనుషులు పెట్టుకున్న ఏటి పేర్లు, ఏటికన్నా ఎంతో ముందున్న రాళ్ళకు ఎక్కాయి. పేర్లు ఇలాగే నడుస్తాయి, ముందువెనకలు చూసుకోవు.

సరే, పెన్న పేరు దగ్గరికి వద్దాం.

పండితులు చెప్పేది ఇది. శివుడి విల్లు పినాకం. ఆ విల్లు పట్టినవాడు పినాకి. ఆయన కొండ నందికొండ, కింద భోగనందీశ్వరుడి గుడి. ఆ కొండలో పుట్టింది కాబట్టి నది పినాకిని. ఆ పినాకినే జనం నోట అరిగి అరిగి పెన్న అయింది. వినడానికి బాగుంది. దీనికి తోడు ఇంకో మాట కూడా ఉంది. పటం తీసి చూడండి, నది నిజంగానే విల్లులా వంగి ఉంటుంది, దక్షిణం నుంచి ఉత్తరానికి లేచి తూర్పుకు వాలుతుంది, అందుకే పినాకిని అన్నారని. ఇది నాకు నమ్మబుద్ధి కాదు. ఆరువందల కిలోమీటర్ల వంపును ఒక్క చూపులో చూపించే పటం లేని రోజుల్లో ఆ విల్లును చూసిందెవరు? రొద్దంలో నిలబడినవాడికి ఏరు ఉత్తరానికి పోతుంది, ప్రొద్దుటూరులో నిలబడినవాడికి తూర్పుకు పోతుంది. అంతే.

పినాకిని అరిగి పెన్న అయిందన్న మాటా కష్టమే. అరగడానికీ ఓ పద్ధతి ఉంటుంది. మధ్యనున్న దీర్ఘం, దాని పక్కన కకారం, చివరి ఇకారం ఇన్నీ జాడలేకుండా పోవాలి. లేని జంట నకారం రావాలి. ఇది అరగడం కాదు, వేరే మాట అయిపోవడం.

రెండో వాదన మన తెలుగువాళ్ళది. పెను అంటే పెద్ద. పెనుగాలి, పెనుతుఫాను, పెన్నిధి. పెను, ఏరు కలిస్తే పెన్నేరు, అంటే పెద్ద ఏరు. ఇది ఎంత తేలిగ్గా ఉందంటే, ఇంక ఆలోచించేదేముందని అనిపిస్తుంది. సీమలో కుందేరు, సగిలేరు, చెయ్యేరు, మద్దిలేరు అన్నీ ఏరులే కదా, వాటన్నిట్లోకీ పెద్దది పెన్నేరు. చాలాకాలం నాకూ ఇదే నచ్చింది.

కానీ ఇక్కడ పెనుకొండ అడ్డొస్తుంది. పెన్న పారే దారికి ఎంతో దూరం కాని ఊరు అది, విజయనగర రాజుల రాజధాని. పెనుకొండ అంటే పెద్ద కొండ అని పండితులకు తెలుసు. అందుకే సంస్కృతంలో దాన్ని ఘనగిరి అన్నారు. అంటే అర్థం తెలిసినచోట వాళ్ళు అర్థాన్నే సంస్కృతం చేశారు. అదే పద్ధతిలో పెన్నేరును పెద్ద ఏరు అని అర్థం చేసుకుని ఉంటే ఏ ఘననదో, మహానదో అనేవాళ్ళు. అనలేదు. పెన్న అన్న చప్పుడుకు దగ్గరగా ఉన్న పినాకిని తెచ్చి తొడిగారు. అంటే వాళ్ళనాటికే పెన్న అన్నది అర్థం తెలియని ఒట్టి పేరు అయి ఉండాలి. ఇది నా ఊహ. ఒప్పుకోనివాళ్ళు ఉంటారు, ఉండాలి కూడా.

ఈ ఊహకు బలం దక్షిణపు తోబుట్టువు ఇస్తోంది. అదే కొండల నుంచి దక్షిణానికి పోయిన నదిని తమిళులు ఏమంటారు? తెన్‌పెణ్ణై. తెన్ అంటే దక్షిణం. నది పేరు పెణ్ణై. తమిళంలో ణకారం పలికేచోట తెలుగులో రెండు నకారాలు పలకడం మామూలే. వాళ్ళ కణ్ మన కన్ను. వాళ్ళ మణ్ మన మన్ను. ఇంటిముందు కూర్చునే అరుగు వాళ్ళకు తిణ్ణై, మనకు తిన్నె. రొట్టెకు రాసుకునేది వాళ్ళకు వెణ్ణెయ్, మనకు వెన్న. ఈ వరసలోనే వాళ్ళ పెణ్ణై, మన పెన్న. ఎక్కడా అతుకు వేయనక్కర్లేదు. పెన్న పక్కన ఏరు చేరిస్తే పెన్నేరు. పెను పక్కన చేర్చినా పెన్నేరే. సంధి రెండు దారులనూ ఒకచోటికి తెచ్చి మనల్ని మోసం చేసింది.

ఇంకో సంగతి. తమిళంలో, మలయాళంలో పెద్ద ఏరు అనాలంటే మాట వేరు. కేరళలో పెరియారు ఉంది, దాని అర్థమే పెద్ద ఏరు. పెణ్ణై పేరులో పెద్ద అన్న మాట లేదు. ఒకే కొండ చుట్టూ పుట్టిన రెండు నదులకు ఒకే పేరున్నప్పుడు, ఒకదానికి పెద్ద ఏరు అని అర్థం చెప్పి ఇంకోదాన్ని గాలికి వదిలేస్తే కుదరదు.

మరి పెణ్ణైకి అర్థమేమిటి? తమిళ నిఘంటువులో తాటిచెట్టు అని ఒక అర్థం ఉంది. పెణ్ అంటే ఆడది. మన పెంటి, పెండ్లి ఆ మాట చుట్టాలే. నది తాటిచెట్ల నది అయిందో, ఆడనది అయిందో తేల్చేంత ఆధారం ఎటూ లేదు. తమిళులు కూడా ఊరుకోలేదు. పెణ్ణైని పొన్నై చేసి, పొన్నైయారు అని బంగారు నదిని చేసుకున్నారు. మనం శివుడి విల్లు చేసుకున్నాం. దొరలు ఇద్దరినీ కలిపి ఉత్తర పెన్నార్, దక్షిణ పెన్నార్ అని పటాల్లో రాసుకున్నారు. ఇంగ్లీషులో ఇవాళ్టికీ పెన్నార్ అని కూడా రాస్తాం. చివరి ఆర్ తమిళపు ఆఱు, మన ఏరుకు తోబుట్టువు.

ఇలా జంటగా ఉన్న ఏటి పేరు ఇది ఒక్కటే కాదు. కడప జిల్లాలో పెన్నలో కలిసే చెయ్యేరు ఉంది, నందలూరు సౌమ్యనాథస్వామి గుడి దాని ఒడ్డునే. తమిళనాడులో పాలారులో కలిసే చెయ్యారు ఉంది. మన చెయ్యేరుకు పండితులు పెట్టిన పేరు బాహుద. అన్న తోటలో అడగకుండా పండు కోసుకున్నందుకు లిఖితుడనే ముని చేతులు నరికించుకుని, ఈ నదిలో మునిగితే చేతులు తిరిగి వచ్చాయని కథ. బాహువులు ఇచ్చింది కాబట్టి బాహుద. మహాభారతంలో ఉన్న కథను మన చెయ్యేటి ఒడ్డుకు తెచ్చి అతికించింది ఎవరోగాని గట్టివాడే. చెయ్యి అన్న మాట దొరకగానే కథ దొరికింది. కుందేరును కుముద్వతి చేయడానికి మాత్రం కథ కూడా కావలసి రాలేదు, మొదటి అక్షరం కలిస్తే చాలనుకున్నారు.

నదికి సంస్కృతం పేరు పెట్టడం తప్పని నేననడం లేదు. పేరు లేకపోతే తీర్థం లేదు, తీర్థం లేకపోతే పుష్పగిరి పంచనదీ క్షేత్రం కాదు, ఆ గుళ్ళు మనకు మిగిలేవి కావు. నేననేది ఒకటే. పినాకిని నుంచి పెన్న వచ్చిందని బళ్ళో పిల్లలకు చెబుతున్నాం, అది తిరగేసి చెప్పాలి. ఏటి ఒడ్డున చెలమ తవ్వుకున్నవాళ్ళు పిలుచుకున్న పేరు ముందు పుట్టింది. తెలుగు, తమిళం వేరుపడకముందే పుట్టి ఉండొచ్చు. కలమళ్ళ, ఎర్రగుడిపాడు శాసనాలు మనకు దొరికిన తొలి తెలుగు శాసనాలు. రేనాటి చోళులు ఆరో శతాబ్దంలో అవి వేయించింది పెన్న పరీవాహకంలోనే. తెలుగు రాతిమీదికెక్కే నాటికే ఈ ఏటికి ఏదో పేరు ఉండి తీరాలి కదా. శతాబ్దాలు గడిచాక తిక్కన గారు నెల్లూరులో భారతం రాసిందీ ఈ ఏటి ఒడ్డునే.

ఎండిన నది కథలు చెప్పి ఊరుకుంటే పెన్న కోపం గురించి చెప్పనట్టు అవుతుంది. 2021 నవంబరులో వాయుగుండం వచ్చి కడప, చిత్తూరు కొండల మీద కుండపోతగా కురిసింది. 19వ తేదీన చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి రాజంపేట వైపు ఊళ్ళమీద పడింది. ఎంతోమంది పోయారు. కమలాపురం దగ్గర పాపఘ్ని వంతెన కుంగి కూలింది. నెల్లూరుకు అవతల పడుగుపాడు దగ్గర రైలుపట్టాల కింద కట్ట కొట్టుకుపోయి, మొదట్లో చెప్పుకున్న దారిలో రైళ్ళన్నీ ఆగిపోయాయి. అప్పుడు కూడా పత్రికల్లో పెద్దక్షరాల్లో పడిన పేరు పెన్నే.

ఇవాళ పెన్నలో పారే నీళ్ళన్నీ పెన్న నీళ్ళు కావు. శ్రీశైలం నుంచి పోతిరెడ్డిపాడు మీదుగా వచ్చిన కృష్ణ నీళ్ళు తెలుగుగంగ కాలువల్లో నడిచి, పెన్న దారి పట్టి సోమశిలలో చేరుతున్నాయి. అక్కడ నుంచి కండలేరు, కండలేరు నుంచి చెన్నై. గండికోట జలాశయం నిండుతున్నదీ ఎక్కువగా కృష్ణ నీళ్ళతోనే. హంద్రీ-నీవా కాలువ అనంతపురం జిల్లాకు తెచ్చిపోసేవీ అవే. సోమశిల కట్టమీద నిలబడి ఇవి ఏ నది నీళ్ళని ఇంజనీరును అడిగితే, ఏ నెలలో అడుగుతున్నారని ఎదురు ప్రశ్న వేస్తాడు. కిందున్న నెల్లూరు రైతును అడగండి, పెన్న నీళ్ళని క్షణం ఆగకుండా చెబుతాడు. కాలువకు శిస్తు కట్టే రసీదులో పేరు మారినా అతను ఆ మాట మార్చడు.